88 కిట్టు ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ, ముందు ఇంజిన్ కేసు కొలిపించు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. ప్రొద్దుటూరులో మీ జేజినాయన 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. ఇంజిన్ దించి విప్పేశావు. బయటి దేశం నుంచి ఒకాయన "పూర్తి రీబిల్డ్ కిట్టు" పంపిస్తానంటున్నాడు. 88 మి.మీ. బ్యారెళ్లు (పిస్టన్లు ఆడే సిలిండర్ గొట్టాలు), పిస్టన్లు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు), ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని వాల్వుల వైపు నెట్టే ముక్కలు), బేరింగులు, సీళ్లు, ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ అన్నీ ఒకే డబ్బాలో, ధర కూడా తక్కువే. కొనేయమంటారా అని.

వద్దు. ఆ కిట్టు మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. నీ ఇంజిన్‌కు ఏ సైజు బేరింగు పడుతుందో ఇంకా నీకే తెలీదు. కొలతలు తీయకుండా బేరింగులు తెప్పించడమంటే చెయ్యి చూడకుండా గాజులు కొన్నట్టే.

నేను అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. జీపులు, ట్రాక్టర్లే ఎక్కువ. బీటిల్ ఇంజిన్లు పదకొండు చేశాను. అందులో రెండు మళ్లీ దించాల్సి వచ్చింది. రెండుసార్లూ బిగింపులో తప్పు లేదు, సామాన్లు ఎంచుకోవడంలోనే తప్పు. ఆ రెండు కథలూ కింద చెప్తా.

మొదట ఇంజిన్ నంబరు చూడు. జెనరేటర్ స్టాండు కింద, కేసు మీద కొట్టి ఉంటుంది. ముందు "హెచ్" అక్షరం ఉంటే 1500 ఇంజిన్. అంటే 83 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 69 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 1493 సీసీ. "ఎఫ్" ఉంటే 1300, "డి" ఉంటే 1200. బండి 1968 మోడల్ కాబట్టి ఇంజిన్ కూడా అదే అనుకోవద్దు. యాభై ఏళ్లు దాటిన బండ్లలో ఇంజిన్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది, పాత ఓనర్లు ఆ సంగతి చెప్పరు కూడా. నువ్వు బోరు 83 అని రాశావు కాబట్టి 1500 అనుకునే మిగతాది రాస్తున్నా. నంబరు మాత్రం తుడిచి ఒకసారి చూసుకో.

ఇప్పుడు కేసు, అంటే క్రాంకును పట్టుకుని ఉండే ఇంజిన్ పెట్టె. ఇది మెగ్నీషియం కలిసిన మిశ్రమ లోహం, జీపు బ్లాకులా పోత ఇనుము కాదు. తేలిక, కానీ మెత్తన. లోపల క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) తిరిగి తిరిగి, మెయిన్ బేరింగు కూర్చునే గూడు కోలగా సాగుతుంది. ఒకటి, రెండు, మూడో మెయిన్ గూళ్ల కొలత కొత్తప్పుడు 65.00 మి.మీ., పుల్లీ వైపు ఉండే నాలుగోది 50.00. కేసు రెండు సగాలూ పెట్టి, నట్లు సరైన టార్కుకు బిగించిన తర్వాతే ఈ కొలత తీయాలి. విడిగా సగం సగం కొలిస్తే ఏమీ తెలీదు. గూడు సాగి ఉంటే లైన్ బోరింగు (గూళ్లన్నీ ఒకే వరసలో మళ్లీ తొలిచి గుండ్రం చేయడం) చేయించి, బయటి కొలత 0.50 మి.మీ. పెద్దదైన బేరింగు వేయాలి. క్రాంకు జర్నలు, అంటే బేరింగుల్లో తిరిగే నునుపు భాగాలు, కొత్తప్పుడు 55.00 (పుల్లీ వైపు నాలుగో మెయిన్ ఒక్కటే 40.00). అరిగి ఉంటే గ్రైండింగ్ చేయించి 54.75 కో 54.50 కో తేవాలి, అప్పుడు బేరింగు లోపలి కొలత మారుతుంది. అంటే ఒక్క మెయిన్ బేరింగు సెట్టుకే బయట ఒక సైజు, లోపల ఒక సైజు చూసుకోవాలి. కిట్టులో వచ్చేది రెండు వైపులా స్టాండర్డు. నీ కేసూ, నీ క్రాంకూ ఇన్నేళ్ల తర్వాత కూడా స్టాండర్డుగా ఉంటే మీ జేజినాయన నిజంగా అదృష్టవంతుడు.

క్రాంకు గ్రైండింగ్ మన దగ్గర బాగానే చేస్తారు. అనంతపురం, కర్నూలు, కడప ఎక్కడైనా ట్రాక్టరు క్రాంకులు చేసే షాపు ఉంటే చాలు, జర్నలు మూలల్లో గుండ్రం పోకుండా చేయమని మాత్రం చెప్పు. ఈ కేసు లైన్ బోరింగు మాత్రం ముందెప్పుడూ చేయనివాడి చేతిలో పెట్టొద్దు. నేను బెంగళూరు పంపుతాను. ఇంకో మాట, ఈ లోహం పొట్టు నిప్పు అంటుకుంటే ఆరదు, నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది. ఎవరితో చేయించినా పక్కన పొడి ఇసుక బకెట్టు పెట్టుకోమని చెప్పు. ఒక లేత్ షాపులో ఈ మాట చెప్తే నవ్వారు. కాస్త పొట్టు తీసుకుపోయి బయట అంటించి చూపించాక నవ్వు ఆగిపోయింది.

బోరింగు అయ్యాక కేసు తిరిగొస్తే ఆయిల్ దారుల ప్లగ్గులు తీసి లోపల కడగాలి. పొట్టు అక్కడే దాక్కుంటుంది. ఎంత మంచి బేరింగు కొన్నా ఆ పొట్టు మొదటి పది నిమిషాల్లోనే గీసేస్తుంది. ఇది సామాను మాట కాదు, అయినా సామానుకు పెట్టిన డబ్బంతా పోయేది ఇక్కడే.

ఇక 88 బ్యారెళ్లు. 83, 85.5, 87, 88 ఈ నాలుగూ నీ కేసులో ఏ మిషను పనీ లేకుండా దిగుతాయి, అమ్మేవాడు చెప్పింది అబద్ధం కాదు. ఎందుకు దిగుతాయో అది మాత్రం చెప్పడు. నాలుగింటికీ కింద కేసులో దిగే బయటి కొలత ఒకటే, లోపలి బోరు ఒకటే పెంచారు. అంటే 88 లో గోడ పలుచన. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, చుట్టూ నీళ్లు లేవు. కడప మే నెల ఎండలో పలుచని గోడ వేడికి వంకర పోతుంది, రింగులు గుండ్రంగా ఆనవు, కంప్రెషన్ కారుతుంది, ఆయిల్ తాగడం మొదలు పెడుతుంది. నాలుగు గుర్రాల బలం ఎక్కువ వస్తుందని ఆశపడి ఏడాదికే మళ్లీ దించేది ఎందుకు? 85.5 వేసుకో. ఫోక్స్‌వ్యాగన్ తనే తర్వాత 1600 ఇంజిన్‌కు ఇచ్చిన సైజు అది, మొత్తం 1584 సీసీ అవుతుంది. నీ సింగిల్ పోర్టు హెడ్లకూ (రెండు సిలిండర్లకు కలిపి లోపలికి ఒకే దారి ఉండేవి) సరిపోతుంది. పైగా మంచి కంపెనీల సెట్లు ఈ సైజులో దొరికినంత సులువుగా 83 లో దొరకవు. మాలె, కోల్బెన్‌ష్మిట్ లాంటి పేర్లు నేను నమ్ముతాను. కానీ పేరు కంటే డబ్బా విప్పి చూడటం ముఖ్యం, ఎందుకంటే డబ్బాలు కూడా డూప్లికేట్ చేస్తారు.

విప్పి ఏం చూడాలంటే, మొదట బరువు. నాలుగు పిస్టన్ల మధ్య తేడా 10 గ్రాములు దాటకూడదు. మీది ప్రొద్దుటూరు కదా, ఊరంతా బంగారం అంగళ్లే. తెలిసిన అంగట్లో తూకం వేయించు, మిల్లీగ్రాములతో సహా చెప్తారు. నేను అనంతపురంలో కిరాణా కొట్టు తక్కెడతో అవస్థ పడేవాణ్ణి. తర్వాత బ్యారెల్ బోరు, పిస్టన్ స్కర్టు (కింది భాగం) కొలిచి తేడా చూడు. కొత్త సెట్టులో 0.04 నుంచి 0.05 మి.మీ. ఉండాలి. ఒక బ్యారెల్‌లో పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తే ఆ సెట్టు తిప్పి పంపు, మొహమాటపడకు. రింగు ఒక్కటే బ్యారెల్‌లో పెట్టి, పిస్టన్‌తో సమంగా నొక్కి, మూతి దగ్గర సందు ఫీలర్ గేజితో చూడు. పై రింగుకు 0.30 నుంచి 0.45 ఉండాలి. ఇవన్నీ గంట పని. డబ్బా వచ్చిన రోజే చెయ్యి, ఆరు నెలల తర్వాత బిగించేటప్పుడు చూస్తే అమ్మినవాడు ఫోను కూడా ఎత్తడు.

మొదటి కథ ఇప్పుడు. కర్నూలు నుంచి ఒక డాక్టరుగారి బీటిల్ వచ్చింది. కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు తెప్పించారు. ఎక్కడివి, ఏ కంపెనీవి అన్నది వదిలేద్దాం. పాత ట్యాపెట్లు చూస్తే ముఖం మీద చిన్న గీతలు తప్ప బాగానే ఉన్నాయి. కొత్తవి ఉండగా పాతవి ఎందుకని వాటిని పక్కన పెట్టాను. ఎనిమిది వందల కిలోమీటర్లు తిరక్కముందే రెండో, నాలుగో సిలిండర్లలో టకటక మొదలైంది. వాల్వు సందు సరిచేశాను, వారంలో మళ్లీ అదే. దించి చూస్తే ట్యాపెట్ల ముఖాలు గుంటలు పడ్డాయి. కొత్త క్యామ్ ముక్కు గుండ్రంగా అరిగిపోయింది. ఆ ఉక్కు పొడి ఆయిల్‌లో కలిసి కొత్త బేరింగులు కూడా పోయాయి. ఈ ఇంజిన్‌కు ఆయిల్ ఫిల్టరు లేదని గుర్తుంచుకో. అడుగున ఒక జల్లెడ మాత్రమే ఉంటుంది. అది రాళ్లను ఆపుతుంది కానీ పొడిని ఆపదు. ఆకురాయితో గీసి చూస్తే ఆ కొత్త ట్యాపెట్టు మీద గీత పడింది, పాత జర్మన్ ట్యాపెట్టు మీద ఆకురాయి జారిపోయింది. ఆ పరీక్ష నేను బిగించకముందే చేసి ఉండాల్సింది.

అందుకని నీకు చెప్పేది: పాత క్యామ్, పాత ట్యాపెట్లు పారేయకు. ఏ ట్యాపెట్టు ఏ చోటిదో గుర్తు పెట్టి ఉంచావా? ఉంచితే, ముఖాలు బాగుంటే, అవి ఆ క్యామ్ మీదే, అదే చోట మళ్లీ వేసుకోవచ్చు. కలిసిపోయి ఉంటే ముఖాలు రీగ్రైండ్ చేయించాలి, లేదంటే మంచి కంపెనీవి కొత్తవి కొనాలి. కొత్త క్యామ్ మీద అరిగిన ట్యాపెట్టు మాత్రం ఎప్పుడూ వద్దు, కొత్త క్యామ్‌నూ తినేస్తుంది. కొత్త క్యామ్ వేస్తే స్టార్టయిన వెంటనే ఇరవై నిమిషాలు 2000 ఆర్పీఎం పైన నడిపించు, ఐడిల్‌లో వదలకు. ఇంట్లోవాళ్లు చెవులు మూసుకుంటారు, పర్వాలేదు.

క్యామ్ మార్చేటప్పుడు ఆయిల్ పంపు కూడా చూసుకోవాలి. నీ కాలం క్యామ్ గేరు మూడు రివెట్లతో, చదునుగా ఉంటుంది. 1971 తర్వాతి క్యామ్ గేరుకు నాలుగు రివెట్లు, పళ్లెంలా లోపలికి వంగి ఉంటుంది. రెండింటికీ పంపులు వేరు. చదును క్యామ్‌కు తర్వాతి పంపు పెడితే లోపల తగులుతుంది. నీ పాత పంపు గేర్లు బాగుండి మూత మాత్రం గీతలు పడి ఉంటే, గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి మూతను రుద్ది చదును చేసుకో. దానికి కొత్త పంపు కొనక్కర్లేదు.

హెడ్ల దగ్గర పిసినారితనం వద్దు. ఎగ్జాస్టు వాల్వులు నాలుగూ కొత్తవి వెయ్యి, పాతవి ఎంత బాగా కనిపించినా సరే. ఈ ఇంజిన్లో ఎగ్జాస్టు వాల్వు తల విరిగి పడితే పిస్టన్, బ్యారెల్, హెడ్ మూడూ ఒకేసారి పోతాయి. ముఖ్యంగా మూడో సిలిండరు. నీ మోడల్లో ఆయిల్ కూలరు ఫ్యాన్ డొప్ప లోపలే, మూడో సిలిండరు పైన ఉంటుంది. ఆ కూలర్ గుండా వచ్చిన గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది, తక్కువ కూడా వస్తుంది. చల్లదనం అందక ఆ సిలిండరే ముందు దెబ్బతింటుంది. కంపెనీ 1971 మోడల్ నుంచి కూలర్‌ను డొప్ప వెనక్కి జరిపి దానికి వేరే గాలిదారి ఇచ్చింది, మెకానిక్కులు దాన్ని డాగ్‌హౌస్ అంటారు. మన ఎండలకు నేను చేయమనే ఒకే ఒక మార్పు ఇది. సెకండ్ హ్యాండ్ డొప్ప, దానికి తగిన వెడల్పు ఫ్యాను, కూలరు, చుట్టూ ఉండే రేకులు మొత్తం సెట్టుగా దొరికితే వదలకు. సగం సగం కొనొద్దు.

రెండో కథ ఆ కూలరుదే. కడపలో ఒకాయన 1500 ఇంజిన్‌కు డాగ్‌హౌస్ బిగించాను. కూలరు కింద రెండు చిన్న రబ్బరు సీళ్లు ఉంటాయి. పాత కేసులకు ఆయిల్ దారి 8 మి.మీ., 1970 తర్వాతి కేసులకూ కూలర్లకూ 10. పాత కేసు మీద తర్వాతి కూలరు పెడితే ఒకవైపు సన్నం, ఒకవైపు లావు ఉండే మెట్టు సీళ్లు కావాలి. గాస్కెట్ సెట్టులో మూడు రకాలూ వచ్చాయి. నేను చూపుతోనే ఒక జత తీసి పెట్టేశాను. ఊళ్లో వారం తిరిగింది, చుక్క కారలేదు. ఆయన రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కేసరికి ఎర్ర లైటు మిణుకుమంది. మంచి మనిషి, వెంటనే ఆపేశాడు. బండి వెనక రోడ్డు మీద ఆయిల్ గీత. మొత్తం పట్టేదే రెండున్నర లీటర్లు, ఒక్కసారి కారితే మిగిలేది ఏముంటుంది. ఆ సీళ్ల ఖరీదు ఒక టీ ఖరీదు. అప్పట్నుంచి చిన్న రబ్బరు ముక్కను కూడా వెర్నియర్‌తో కొలవకుండా పెట్టను.

ఫ్లైవీల్ వైపు పెద్ద ఆయిల్ సీలుకు సిలికాన్ రకం తీసుకో, వేడికి నల్ల రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. సీలు వేసేముందే క్రాంకు ఎండ్ ప్లే (క్రాంకు ముందుకు వెనక్కి కదిలే సందు) సరిచేయాలి. ఎప్పుడూ మూడు షిమ్ములే (పలుచని వాషర్లు) ఉండాలి, సందు 0.07 నుంచి 0.13 మధ్య రావాలి. షిమ్ములు రకరకాల మందాల్లో విడిగా దొరుకుతాయి. పుష్‌రాడ్ గొట్టాలు తుప్పు పట్టకపోతే పాతవే వాడుకో, కానీ పెట్టేముందు రెండు చివర్లూ లాగి 190 నుంచి 191 మి.మీ. పొడవుకు తేవాలి. లేదంటే అక్కడే కారుతుంది, నువ్వు సీలు కంపెనీని తిట్టుకుంటావు.

కొత్తది కొనకుండా పాతదాన్నే బాగు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నీ పాత క్రాంకు ఫోర్జింగ్‌ది, పగుళ్లు లేకపోతే గ్రైండింగ్ చేయించుకో, చవక కొత్త క్రాంకు వద్దు. డిస్ట్రిబ్యూటర్ కూడా అంతే. కిట్టులో ఇస్తున్నది వాక్యూమ్ లేని 009 రకం నకలు. నీ కార్బురేటర్‌తో అది పెడితే యాక్సిలరేటరు తొక్కగానే ఇంజిన్ ఒక క్షణం మూలుగుతుంది. నీ పాత బాష్ డిస్ట్రిబ్యూటర్‌కు బుష్షులు, పాయింట్లు, వాక్యూమ్ డబ్బా చూపించు, చాలు. థర్మోస్టాట్ పాత బెలోస్ రకం బతికి ఉంటే దాచుకో. అది చెడిపోతే ఫ్లాపులు తెరుచుకుని ఉంటాయి, ఇంజిన్‌కు గాలి ఆగదు. "మన ఊరి ఎండకు థర్మోస్టాట్ ఎందుకు" అని రేకులు పీకి పడేసేవాళ్లున్నారు. ఆ రేకులే సిలిండర్ల చుట్టూ గాలిని తిప్పేవి. కింది రేకులు లేకుండా వచ్చిన బండ్లు చాలా చూశాను, ఒక్కదాని మూడో సిలిండరు కూడా బాగా లేదు.

ఎయిర్ క్లీనరు గురించి ప్రత్యేకంగా చెప్తున్నా. నీ బండికి ఆయిల్ నింపే పాత డబ్బా ఉండాలి. దాన్ని తీసేసి మెరిసే చిన్న ఫిల్టరు పెట్టమని అందరూ చెప్తారు. వినకు. తాడిపత్రి పక్క బండలు కోసే ఫ్యాక్టరీల దుమ్ము, మన ఎర్రమట్టి దుమ్ము ఆ చిన్న ఫిల్టరు ఎంతకాలం ఆపుతుంది? పాత డబ్బాలో అడుగున చేరిన బురద చూస్తే నీకే తెలుస్తుంది, అదంతా రింగుల్లోకి పోవాల్సింది. తాడిపత్రి నుంచి వచ్చిన ఒక బీటిల్‌కు రింగులు రెండేళ్లకే పోయాయి. కారణం వేరే ఏమీ లేదు, ఆ మెరిసే ఫిల్టరే.

పెట్రోల్ పైపులన్నీ కొత్తవి వెయ్యి, ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్‌కు తట్టుకునేవే అడిగి తీసుకో. పాత అల్లిక పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పగిలి ఉంటుంది. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ కూడా అంతే. మెగ్నీషియం కేసు ఉన్న ఇంజిన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో పైన చెప్పాను కదా. ఇక్కడ మాత్రం డబ్బు లెక్క చూడొద్దు.

ఎక్కడ కొనాలి అంటే, బ్యారెళ్లు, మెయిన్ బేరింగులు, వాల్వులు, గాస్కెట్ సెట్టు బయటి నుంచి తెప్పించక తప్పదు. విడివిడిగా, ఒక్కోటి మంచి కంపెనీది చూసి తెప్పించు, కస్టమ్స్ కట్టాల్సి వస్తుందని లెక్కలో వేసుకో. ఫ్యాన్ బెల్టు, పెట్రోల్ పైపు, ప్లగ్గులు, నట్లు, వాషర్లు లాంటివి సైజు చెప్తే బెంగళూరు జేసీ రోడ్డులోనో, సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో దొరుకుతాయి. "ఇది ఏ బండికి" అని అడిగితే బండి పేరు చెప్పకు, కొలత చెప్పు. పాతకాలపు కారు అని తెలిస్తే రేటు మారిపోతుంది.

ఫ్లైవీల్ మధ్య ఉండే గ్లాండ్ నట్టు కొత్తది తెప్పించు, అందులో గేరుబాక్సు షాఫ్టు తిరిగే నీడిల్ బేరింగు ఉంటుంది. దానికి 35 కిలోగ్రామ్ మీటర్ల బిగింపు కావాలి. అంత టార్కు రెంచి లేకపోతే 70 సెంటీమీటర్ల పైపు చివర 50 కిలోల సిమెంటు మూట వేలాడదీస్తే సరిగ్గా అంతే వస్తుంది, నేను అలాగే చేస్తాను. పైపు నేలకు సమాంతరంగా ఉండాలి అంతే.

ఈ వారం చేయాల్సింది ఇది. కేసు బిగించి నాలుగు మెయిన్ గూళ్లు కొలిపించు. క్రాంకు మీద నాలుగు మెయిన్, నాలుగు రాడ్ జర్నలు కొలిపించు, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా రెండుసార్లు. హెడ్లలో రెండు వాల్వు సీట్ల మధ్య, ప్లగ్గు బెజ్జం దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూసి ఫోటో తియ్యి. ఆ అంకెలు, ఫోటోలు పంపు. ఏ సైజు బేరింగు తెప్పించాలో అప్పుడు చెప్తా. అంతవరకు పాత ట్యాపెట్లు ఆయిల్ గుడ్డలో చుట్టి పెట్టు, పాత ఇనుము వాడికి మాత్రం వేయకు.